చప్పుళ్ళు తీసేసిన టేపులు

గ్లెన్ ఆర్డ్, కేప్ బ్రెటన్
ఫిబ్రవరి

మోరాగ్ అమ్మాయికి,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కలం తీసి, మళ్ళీ మూత పెట్టి, పొయ్యిలో రెండు కట్టెలు వేసి, మళ్ళీ తీశాను. ఎనభై దాటినవాడు యూనివర్సిటీకి ఫిర్యాదు రాస్తే ఏం బాగుంటుంది? కానీ మంచు కిటికీ అంచుదాకా పేరుకుంది. నా మాట వినడానికి ఇంట్లో పిల్లి తప్ప ఎవరూ లేరు. ఆ పిల్లి నా కథలన్నీ వినేసింది.

నువ్వు పంపిన పలక అందింది. దాన్ని టాబ్లెట్ అనాలని పోస్టాఫీసు జెస్సీ దిద్దింది. పలకే అంటాను, చేతిలో పెట్టుకుంటే అలాగే ఉంది. ఇంటర్నెట్ ఉన్నది చర్చి హాల్లోనే కాబట్టి అక్కడ కూర్చుని మీరు పెట్టిన ల్యాకీ చిన్నాన్న టేపులు విన్నాను. చిన్నాన్న పోయి ఇన్నేళ్ళయిందా, ఫిడేలు ఇవాళ పొద్దున వాయించినట్టుంది. ఆ మెచ్చుకోలు ముందు తీసుకో, తర్వాతది ఫిర్యాదు.

అమ్మాయీ, ఆయన కాళ్ళేవి? చిన్నాన్న ఫిడేలు సగం చేత్తో, సగం కాలితో వాయించేవాడు. ఆ కాలి దెబ్బకి మా ముందుగది చెక్కనేల అరిగి, ఆయన కుర్చీ కింద రెండు గుంటలు ఇప్పటికీ ఉన్నాయి. టేపులో ఒక్క దెబ్బా లేదు. కుక్క లేదు. పొయ్యి మూత చప్పుడు లేదు. ఆపరేషన్ గదిలో పడుకోబెట్టి కథ చెప్పించినట్టుంది. ఆ టేపులు ఇక్కడ, ఈ ఇంట్లో, ఇరవై మంది కిక్కిరిసిన గదిలో పట్టినవి. మీ యూనివర్సిటీ నుంచి వచ్చిన టేపు పెద్దమనిషి అంత పెద్ద రికార్డింగు డబ్బా ఇక్కడికే మోసుకొచ్చాడు, చిన్నాన్న మా దగ్గరే ఉండేవాడు కనుక.

గుర్రం కథ మాత్రం బాగా వచ్చింది. నీకు గుర్తుందో లేదో. చావుబతుకుల్లో ఉన్న ముసలాయనకి ఆఖరి ప్రార్థన చెప్పడానికి ఫాదర్ డానల్డ్ గడ్డకట్టిన రేవు మీదుగా స్లెడ్డు బండిలో పోతున్నాడు. గుర్రం మీ ఎఫీ అత్తయ్య వాళ్ళ నాన్నది, గోధుమరంగు ఆడగుర్రం. నడిమధ్య ఆగిపోయింది. ఫాదర్ బతిమాలాడు, ప్రార్థించాడు, ఆనక ప్రార్థన కాని మాటలు కొన్ని అన్నాడు. కదల్లేదు. దిగి చూస్తే నాలుగు అడుగుల అవతల మంచు పగిలి నల్లటి నీళ్ళు. ఆ రోజునుంచి ఆ గుర్రం ఎదురైతే ఫాదర్ టోపీ తీసేవాడు. అవతల ముసలాయన ఎదురుచూసి ఎదురుచూసి, కోపం వచ్చి లేచి కూర్చుని, చివరికి ఫాదర్ అంత్యక్రియలకి తనే వెళ్ళాడు. చిన్నాన్న పోయాక ఏటా వేసవిలో హాల్లో ఆ కథ చెప్పేది నేనే.

ఏం చెప్పబోతున్నాను? ఆ, ఒక్కటి. టేపుల్లోంచి ఊడ్చేసిన చెత్తని ఏం చేశారు? ఊరికే అడుగుతున్నాను.

నీ మామయ్య
మర్డాక్

*

హాలిఫాక్స్
మార్చి

మామయ్యకి,

ఫిర్యాదు అందింది. మా ల్యాబులో గోడకి అంటించాం. "ప్రార్థన కాని మాటలు కొన్ని" దగ్గర మా థెరెస్ కాఫీ ఒలకబోసుకుంది. (థెరెస్ అంటే టేపుల పని చూసే అమ్మాయి, చెటికాంప్ వాళ్ళది.)

కాళ్ళ సంగతి చెప్తాను. ఆ పాత టేపులకి జిగురు కరిగి చక్రానికి అంటుకుపోతున్నాయి. వాటిని పొయ్యిలో సన్నసెగ మీద ఆరబెట్టి, ఒక్కసారి తిప్పి, ఆ ఒక్కసారిలోనే కంప్యూటర్లోకి ఎక్కించుకోవాలి. తర్వాత టేపు పొట్టులా రాలిపోతుంది. నవ్వకు, నిజంగానే రొట్టె కాల్చినట్టు కాల్చాం. అలా ఎక్కించింది ముడి ఫైలు. దాన్ని ఒక ప్రోగ్రాముకి ఇస్తే, ఫిడేలునీ మైకు ముందున్న మనిషి గొంతునీ ఉంచి మిగతాదంతా చప్పుడని తీసేస్తుంది. అలా శుభ్రం చేస్తేనే ఇంకో ప్రోగ్రాము ఆ మాటల్ని అక్షరాల్లోకి దింపగలదు. అక్షరాలుంటే మేం లెక్కలు వేయగలం: ఏ మాట ఎన్నిసార్లు, ఎక్కడ ఆగాడు, ఎక్కడ తిరిగి అందుకున్నాడు. ఒక మనిషి చెప్పిన వంద కథల్ని ఒకేసారి చూడటం ఇదివరకు ఎవరికీ కుదరలేదు.

నీకో సంతోషవార్త. ఆ లెక్కల్లో ల్యాకీ తాతయ్య గురించి గొప్ప సంగతి బయటపడింది. ఆయన కథ చెప్తూ చెప్తూ ఆగుతాడు, ఒక ఊపిరి తీసేంతసేపు, ఆపైన తన మాట తానే దిద్దుకుంటాడు. "రానల్డ్ భార్య మార్జరీ..." ఆగుతాడు. "...మార్జరీ చెల్లెలు." ప్రతి కథలోనూ ఇదే. ఒక్కోచోట మాత్రం దిద్దుకోకుండా అదే మాట గట్టిగా రెండోసారి అంటాడు. నీ గుర్రం దగ్గర అంతే: "గోధుమరంగు గుర్రం..." ఆగి, "గోధుమరంగే!" ఎంత నిజాయితీ మామయ్యా! జ్ఞాపకాన్ని వినేవాళ్ళ ఎదుటే తూకం వేసి చూపించే కథకుడు. దీని మీదే వ్యాసం రాశాను. జూన్‌లో మాంట్రియల్ సభలో చదవాలి. ఈ వేసవితో నా ఉద్యోగం గడువు అయిపోతుంది. మళ్ళీ ఇస్తారా లేదా అన్నది ఆ వ్యాసం మీదే ఉంది.

చెత్త అంటావా, ముడి ఫైళ్ళు ఇంకా ఉన్నాయి. ఎందుకడిగావు?

మోరాగ్

*

గ్లెన్ ఆర్డ్
మార్చి చివర

అమ్మాయీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వాను. రెండోసారి నీ ఉద్యోగం మాట చదివి నవ్వడం మానేశాను.

ల్యాకీ చిన్నాన్న బతికుండగా తన మాట తాను దిద్దుకున్నవాడు కాడు. ఒకసారి మబూలో ఎవరిదో అంత్యక్రియలని బయల్దేరి, జూడీక్‌లో వేరే ఎవరిదో అంత్యక్రియల్లో కూర్చున్నాడు. సగంలో తెలిసింది. లేచి వస్తే పొరపాటు ఒప్పుకున్నట్టవుతుందని ఆఖరిదాకా కూర్చుని, శవపేటిక ఒక మూల పట్టి, భోజనం చేసి వచ్చాడు. ఆ తర్వాత ఆ ఇంటివాళ్ళు క్రిస్మస్‌కి కార్డు పంపేవాళ్ళు.

నువ్వు హాలిఫాక్స్‌లో పుట్టావు. మీ అమ్మ నీకు చాలా చెప్పింది గాని ఇది చెప్పి ఉండదు, చెప్పాల్సినంత విషయమని ఎవరూ అనుకోరు. ఇక్కడ కథ ముందుగదిలో జరిగేటప్పుడు వంటింటి తలుపు తీసే ఉంటుంది. ఆడవాళ్ళు అక్కడ టీ కాస్తూ వింటారు. ఎవరు ఎవరి కొడుకు, ఎవరు ఎవరిని చేసుకున్నారు అన్నది వాళ్ళకి తెలిసినంత మగవాళ్ళకి తెలియదు. కథకుడు తప్పితే అక్కడినుంచి ఒక కేక వస్తుంది.

"రానల్డ్ భార్య మార్జరీ..." అంటాడు చిన్నాన్న.

"మార్జరీ కాదయ్యా, దాని చెల్లెలు!"

"...మార్జరీ చెల్లెలు," అని సాగిపోతాడు, తల తిప్పకుండా. తిప్పకూడదు. అది తనకే తట్టినట్టు ఉండాలి. వినేవాళ్ళు కూడా ఆ కేక విననట్టే ఉంటారు. అది మర్యాద. మీ కంప్యూటరు కూడా మర్యాదస్తురాలే అయింది.

ఇష్టం లేకపోతే చిన్నాన్న లొంగేవాడు కాదు, అదే మాట ఇంకా గట్టిగా అనేవాడు. నీ "గోధుమరంగే" అదే అయ్యుంటుంది. అక్కడ కేక ఏమిటో నాకు గుర్తులేదు. నేను ముందుగదిలో ఉన్నాను, మర్యాదగా విననట్టు కూర్చుని ఉంటాను.

కేక వేసింది ఎవరంటావా? మా వంటింట్లో ఎవరుంటారు? మీ ఎఫీ అత్తయ్యే.

నీ మామయ్య

*

హాలిఫాక్స్
ఏప్రిల్

మామయ్యా,

నీ ఉత్తరం చదివి తిన్నగా థెరెస్ దగ్గరికి వెళ్ళి ముడి ఫైలు పెట్టమన్నాను.

"దాన్లో ఏముందే? అంతా బరబర," అంది.

"పెట్టవే."

పెట్టింది. హెడ్‌ఫోను ఒక చెవికి తనూ, ఒక చెవికి నేనూ. కాసేపటికి థెరెస్ నా మోచేయి పొడిచింది. "ఇది చప్పుడు కాదే మోరాగ్. ఎవరో ఎవర్నో తిడుతున్నారు."

తాతయ్య దిద్దుకున్న చోట్లన్నీ విన్నాం. దాదాపు అన్నిట్లోనూ ముందు ఆ గొంతే ఉంది, దూరంగా, గిన్నెల మధ్యలోంచి. మిగిలిన కొన్నిచోట్ల ఆయన దగ్గాడు, అంతే. నా నిజాయితీపరుడైన కథకుడు కాస్తా అత్తయ్య చేతిలో చీవాట్లు తింటున్న ముసలాయన. ప్రోగ్రాముని తప్పుపట్టలేను. ఏది చప్పుడో దానికి నేర్పింది నేను.

వ్యాసం పోయింది. కానీ దీనికంటే పెద్ద సంగతి దొరికింది. ఒక కథని ఇద్దరు చెప్తుంటే ఒకరి పేరే రాసుకున్నాం. అత్తయ్య గొంతుని పైకి తెచ్చి, ఆమె పేరు వేసి, అందరికీ వినిపించాలని నా ఆశ.

ఒక చిక్కుంది. సమ్మతి ఇవ్వని మనిషి గొంతు మా దగ్గర ఉండకూడదు. అప్పట్లో ల్యాకీ తాతయ్యా నువ్వూ సంతకాలు పెట్టారు, అత్తయ్య పెట్టలేదు. చప్పుడని అనుకున్నన్నాళ్ళూ ఎవరూ అడగలేదు. ఇప్పుడు అది గొంతని తెలిసింది, నేను పై కమిటీకి చెప్పక తప్పలేదు. జూన్‌లోగా సమ్మతి రాకపోతే ముడి ఫైళ్ళు చెరిపేస్తారు. టేపులు పొట్టు అయిపోయాయి కాబట్టి ఇంకెక్కడా ఉండవు. అప్పటిదాకా బయటికి పంపడానికీ వీల్లేదు, నీక్కూడా.

ఇప్పుడు అత్తయ్య తరఫున, భర్తవి కనుక నువ్వు సంతకం పెట్టొచ్చు. కాగితం ఇందులో ఉంది. మామయ్యా, పెట్టు. నాకోసమే అడుగుతున్నాననుకో.

మోరాగ్

*

గ్లెన్ ఆర్డ్
మే

మోరాగ్,

కాగితం అందింది. సంతకం పెట్టలేదు.

ఎందుకో చెప్తాను. టేపు పెద్దమనిషి వచ్చిన మొదటిరోజు చిన్నాన్న పని అయ్యాక వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు, టోపీ చేతిలో పట్టుకుని.

"అమ్మా, మీకు పాలు పితికేటప్పటి పాత పాటలు వచ్చటగా. రెండు పాడతారా?"

"వస్తే నాకొచ్చాయి."

"మీ తర్వాత ఎవరికీ లేకుండా పోతాయమ్మా."

"ఆవులకి పాడేవి. ఆవులు విన్నాయి. కబుర్లు చెప్పేవాళ్ళు ముందుగదిలో ఉన్నారు, నాకు పనుంది. ఆ డబ్బా ఈ గడప దాటిందంటే చారులో వేసి ఉడికిస్తా."

ఆయన భయపడి టీ కూడా తాగలేదు. ఎఫీ ఫొటోలకీ అంతే. మా పెళ్ళి ఫొటోలో కూడా ఆమె పక్కకి చూస్తోంది. అక్కడ ఎవరో మేకని పూలు తిననిస్తున్నారట. ఆమె వద్దంది. ఇప్పుడు తిరిగి చెప్పడానికి లేదు కదా అని నేను సరే అంటే అది పెద్దమనిషి పని కాదు. బతికుండగా ఆమె తరఫున సరే అనే ధైర్యం నాకు ఎప్పుడూ లేదు, ఇప్పుడు ఎక్కడినుంచి వస్తుంది?

నువ్వడిగావు కదా, చెత్త సంగతి ఎందుకని. మొదటే చెప్పాల్సింది. ఎఫీ పోయి మూడు చలికాలాలు. ఫోన్ ఆమె ఎత్తేది కాదు, కనుక దాన్లోనూ ఆమె గొంతు లేదు. ఆమె అన్న మాటలన్నీ నాకు గుర్తున్నాయి. "వసారా తలుపు వెయ్యి" అని ఎన్ని వేలసార్లు అందో! కానీ పోయిన శరదృతువు నుంచి ఒకటి గమనించాను. ఆ మాటలు నాకు నా గొంతులో వినిపిస్తున్నాయి. ఆమెది రావడం లేదు. పొలంలో ఉన్నప్పుడు ఒకటి రెండుసార్లు అందినట్టే అంది పోయింది. మీ టేపులు హాల్లో పెట్టుకుని చెవి ఒగ్గి విన్నది చిన్నాన్న కోసం కాదు. చిన్నాన్న ఆగినప్పుడల్లా ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుందని కూర్చున్నాను.

చర్చి వాళ్ళు పారేసిన విజ్ఞానసర్వస్వంలో సగం సంపుటాలు నా చదువు. అందులో కంప్యూటరంటే గదంత ఉంటుంది, సమ్మతి గురించి ఏమీ లేదు. కాబట్టి నాకు తోచింది రాస్తాను. ఆమె మాట జనానికి వద్దు. ఆమె మాట్లాడిన చోటు ఉండనీ. నీ అక్షరాల్లో అక్కడ గుర్తు పెట్టు, వంటింట్లోంచి ఎవరో దిద్దారని. ఏమన్నారో వద్దు. నీ లెక్కకి అది చాలదా? ముడి ఫైళ్ళని చెరిపేముందు, ఇంటిది ఇంటికి ఇవ్వొచ్చేమో అడుగు. ఆ గొంతు ఆ ఇంట్లో ఎలాగూ ఉండేదే కదా.

కుదరదంటే చెరిపేయండి. నేను సంతకం పెట్టను. నీ ఉద్యోగం గురించి నాకు బాధగానే ఉంది, అదీ రాస్తున్నాను.

మర్డాక్

*

హాలిఫాక్స్
జూన్

మామయ్యకి,

కమిటీ నిన్న కూర్చుంది. నీ ఉత్తరం చదివి వినిపించాను, మేకతో సహా. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

లాయరుగారు అన్నారు, "భర్త సంతకం పెడితే అయిపోతుందిగా?"

"పెట్టనన్నారండి."

"ఎందుకని?"

"ఆవిడ వద్దందని."

"ఆవిడ పోయారు కదమ్మా."

"ఆ ముక్క మీరే వెళ్ళి ఆయనకి చెప్పండి," అంది బర్నిస్. ఆవిడే మా కమిటీ పెద్ద. వాళ్ళది కూడా మీ వైపే, ఇన్వర్నెస్.

ఇంకొకాయన అందుకున్నాడు. "అంత గట్టిగా కేకేసిందంటే వినిపించాలనేగా? అదే సమ్మతి అనుకోవచ్చు."

"ముందుగదికి వినిపించాలని కేకేసింది, ప్రపంచానికి కాదు," అంది బర్నిస్. "మా అమ్మ మా నాన్న మీద వేసిన కేకలు మీరు వ్యాసంలో రాస్తానంటే నేను ఒప్పుకోను."

చివరికి నువ్వడిగినట్టే తేల్చారు. ముడి ఫైళ్ళు ఇంటికి, మా దగ్గర కాపీ ఉండదు. అక్షరాల్లో మాత్రం "వంటింట్లోంచి దిద్దుబాటు" అని గుర్తు. ముడి ఫైళ్ళు పంపకముందే థెరెస్ రాత్రంతా కూర్చుని ప్రోగ్రాముకి మళ్ళీ నేర్పింది. ఈసారి కాళ్ళు ఉంటాయి, పొయ్యి మూత ఉంటుంది, కుక్క ఉంటుంది. కుక్కకి సమ్మతి అక్కర్లేదని లాయరుగారు రాసిచ్చారు.

మాంట్రియల్ నుంచి వ్యాసం వెనక్కి తీసుకున్నాను. దాని బదులు ఆ గుర్తుల మీద కొత్తది రాస్తున్నాను. గొంతు వినిపించలేని వ్యాసం ఎవరు వింటారని మా ల్యాబు పెద్దాయన అన్నాడు. ఉద్యోగం శరదృతువు దాకా, అంటే ఆకులు రాలేదాకా పొడిగించారు. తర్వాత సంగతి తెలియదు. నీ మీద కోపం వచ్చిన మాట నిజం. వారం రోజులుంది.

కవర్లో చిన్న పుల్లలాంటిది ఉంది, ముడి ఫైళ్ళు దాన్లోనే ఉన్నాయి. పలక పక్కన గుచ్చు. హెడ్‌ఫోను పెట్టుకో, చాలా సన్నగా ఉంటుంది. నేను విన్నవాటి గురించి ఏమీ చెప్పను. నువ్వే విను.

మోరాగ్

*

గ్లెన్ ఆర్డ్
జులై

మోరాగ్ అమ్మాయికి,

పుల్ల అందింది. పలకకి దాన్ని గుచ్చడానికి జెస్సీ సాయం వచ్చింది, గుచ్చి వెంటనే వెళ్ళిపోయింది. మంచి పిల్ల.

విన్నాను. అందరికంటే ముందు కాళ్ళు వచ్చాయి. తర్వాత ఎఫీ.

నేననుకున్నదానికంటే పలచగా ఉంది గొంతు. నా తలలో ఉన్నది ఆమె ముసలితనం నాటిది అయ్యుండాలి, ఇందులో ఆమెకి నలభై కూడా లేవు. ప్రేమగా మాట్లాడిందేమీ లేదు, నువ్వు వినే ఉంటావు. టీ ఎంతమందికని అడుగుతుంది. వసారా తలుపు వెయ్యమంటుంది. చిన్నాన్నని దిద్దుతుంది. నన్ను ఒక్కసారి పేరు పెట్టి పిలిచింది, కట్టెలు తెమ్మని. అక్కడ కొంచెం వెనక్కి జరిపి మళ్ళీ విన్నాను. ఇప్పుడు "వసారా తలుపు వెయ్యి" అనుకుంటే ఆమె గొంతే వస్తోంది.

గుర్రం దగ్గర ఏమందో కూడా తెలిసింది. "గోధుమరంగేంటయ్యా, బూడిదరంగు! మా నాన్న గుర్రం, గడ్డి వేసింది నేను." చిన్నాన్న గోధుమరంగే అన్నాడు. ఆమె మూత ఒకటి గట్టిగా వేసింది.

నీ కొత్త వ్యాసం అయితే పంపు. కష్టమైన మాటలుంటే ఉండనీ, పొద్దు గడవాలిగా. పిల్లికి ఒంట్లో బాగుంది.

నిన్న హాల్లో వేసవి సభ. నన్ను లేచి చెప్పమంటే గుర్రం కథే చెప్పాను. గుర్రం బూడిదరంగుది అన్నాను. హాలు వంటింటివైపు తలుపు తీసే ఉంది. ఎవరూ ఏమీ అనలేదు. చివరిదాకా చెప్పి కూర్చున్నాను.

నీ మామయ్య
మర్డాక్